సానరాయి, దోసకాయ ముక్క

కత్తికి పదును పెట్టడానికి ఏది కొనాలని నన్నెవరూ అడగొద్దు. అడిగారా, మీ పని మానుకుని కూర్చోవాల్సిందే. నాకు పొట్టిగా చెప్పడం రాదు.

మొన్నామధ్య కాకినాడ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. మా అన్నయ్య కూతురు, మా వదిన కూడా ఇప్పుడు దాని దగ్గరే ఉంటోంది. "అత్తా, నువ్వు ఉద్యోగమంతా కత్తితోనే చేశావు కదా, నువ్వే చెప్పు. ఇంట్లో కూరగాయల కత్తికీ, డాబా మీద మొక్కలు కత్తిరించే చాకుకీ ఒక్కటే సరిపోవాలి. మా ఆయన ఆదివారం వస్తే స్నేహితుల్ని వేసుకుని ఏటిగట్టుకి పోయి చేపలు వండుకుంటానంటారు. సంచిలో పట్టేలా కూడా ఉండాలి" అంది. నేను నోరు తెరిచేలోపే బొమ్మలు పంపడం మొదలెట్టింది. కత్తిని మధ్యలో పెట్టి లాగితే చాలనే డబ్బా ఒకటి. హోటల్ వాళ్ళు కత్తి రాసుకునే పొడుగాటి ఇనుప కడ్డీ ఒకటి. వజ్రం పొడి పూశామని చెప్పుకునే పలక ఒకటి. ఒక వైపు గరుకు, రెండో వైపు నునుపు ఉండే రాయి, దాని పక్కన బుల్లి నూనె సీసా.

ఆ నూనె సీసా బొమ్మ చూడగానే ఫోన్ బోర్లించేశాను. "రేపు చెప్తాలేవే" అన్నాను.

ఆ రేపు వచ్చి వెళ్ళిపోయి కూడా చాలా రోజులైంది. ఇంకా చెప్పలేదు. పూలు కడదామని కూర్చుంటాను, లేచిపోతాను. పెరట్లో రెండు కుండీలు ఇటువి అటు జరుపుతాను, మళ్ళీ అటువి ఇటు జరుపుతాను. "కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరగడం" అంటారు మావారు. ఏది కొనాలో చెప్పడానికి నిమిషం చాలు. ఎందుకో చెప్పాలంటే మాత్రం దాని తండ్రి పోయినప్పటి సంగతి చెప్పాలి. అది ఇన్నేళ్ళూ మా ఇంట్లో వాళ్ళకి కూడా పూర్తిగా చెప్పలేదు. అందుకే ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. నర్సరీ పనిలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా చదివితే వాళ్ళకీ పనికొస్తుంది.

కడియం పక్కన ఒక నర్సరీలో నేను అంట్లు కట్టేదాన్ని. మామిడి అంటు అంటే పెద్ద విద్యేం కాదు. టెంకలోంచి మొలిచిన మొక్క తల కోసి, మధ్యకి చీల్చి, అందులో మంచి రకం చెట్టు పుల్లని పాళీలా చెక్కి దూర్చి, ప్లాస్టిక్ టేపుతో బిగించి, పైన పలచటి కవరు టోపీలా తొడగాలి. మూడు నాలుగు వారాల్లో పుల్ల చిగురేస్తే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. చెక్కిన చోట గీత పడకూడదు, పీచు లేవకూడదు. అందుకే మా పనంతా కత్తి పదునులో ఉంటుంది.

ఇదంతా నేను ఇప్పుడు చెబుతున్న మాట. అప్పట్లో మా షెడ్డులో అందరూ చెప్పే మాట వేరు. పదును కాదు, హస్తవాసి అనేవారు. నా చెయ్యి మంచిదని పేరు. వానలు మొదలై మామిడి అంట్ల పని ఎత్తుకునే రోజున బోణీ అంటు నా చేత కట్టించేవారు. నేను మొదటి అంటు కట్టి, పసుపు బొట్టు పెట్టి పక్కన పెడితే గానీ మిగతా ఆడవాళ్ళు కత్తి తీసేవారు కాదు. యజమాని గారు కూడా వచ్చి నిలబడేవారు. "నాకు ఇలాంటి పట్టింపులు లేవమ్మా" అంటూనే కవరు సరిగ్గా తొడిగానో లేదో వంగి చూసేవారు. నాకు భలే గర్వంగా ఉండేది. ఎందుకు ఉండదు? ఇంట్లో అత్తగారి ముందు నిలబడి మాట్లాడలేనిదాన్ని, షెడ్డులో నా చెయ్యి కోసం అంతమంది ఆగేవారు.

ఆ సంవత్సరం సరిగ్గా పని ఎత్తుకునే ముందు మా అన్నయ్య పోయాడు.

నిడదవోలులో ఉండేవాడు. పొద్దున్న టీ తాగుతూ గుండె పట్టుకున్నాడట, అంతే. నేను వెళ్ళేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఏడవాలంటే ఒకచోట కూర్చోవాలి కదండీ, నాకు కూర్చోవడం చేతకాదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చాను, కుర్చీలు సర్దాను, స్కూలు బట్టలతోనే మూల నిలబడ్డ మేనకోడలికి జడ వేశాను. మూడో రోజు దాటాక, సీజను ఆగదని బయల్దేరాను. గుమ్మం దగ్గర మా వదిన ఎవరితోనో అంటోంది. "తోడబుట్టినవాడు పోతే ఆవిడకి కన్నీటి చుక్క రాలేదు చూడండి. మొక్కలే ఎక్కువ ఆవిడకి." వినబడనట్టు చెప్పులు వేసుకుని బస్సెక్కేశాను.

నేను లేని ఆ కొద్ది రోజుల్లోనే షెడ్డులోకి కొత్త సానరాయి వచ్చింది.

పాత రాయి ఎప్పటిదో ఎవరికీ తెలీదు. నీళ్ళ తొట్టి పక్కన ఉండేది. అందరం దాని మీద నీళ్ళు చల్లుకుని నూరి నూరి మధ్యలో ఉయ్యాలలా గుంట పడింది. దాని మీద ఎవరో సిమెంటు కుండీ పడేస్తే రెండు ముక్కలైంది. మా మేస్త్రీ గారు రాజమండ్రి వెళ్ళి కొత్తది తెచ్చారు. ఆయనకి ఏది కొన్నా పదిమందికీ చెప్పకపోతే అన్నం సహించదు.

"కొట్లో నాలుగు రకాలు చూపించాడమ్మా" అన్నారు నేను రాగానే. అన్నయ్య సంగతి అడిగి, అయ్యో పాపం అని, వెంటనే రాయి దగ్గరికి వచ్చేశారు. "లాగే డబ్బా ఒకటి చూపించాడండి, అది వంటింట్లో ఆడవాళ్ళకి, మనకెందుకన్నాను. కడ్డీ చూపించాడు, అది మాంసం కొట్టువాడికి. మనకి ఎండలోనూ వానలోనూ పడుండేది కావాలి, షెడ్డులోకీ తోటలోకీ పనికొచ్చేది కావాలి అన్నాను. అప్పుడు తీశాడండి ఇది! రెండు వైపులా వాడుకోవచ్చు. నీళ్ళు కాదు, నూనె వెయ్యాలి. అద్దంలా వస్తుంది పదును."

నిజంగానే అద్దంలా వచ్చింది. నా కత్తి నూరి ముంజేతి మీద పెడితే నూగు గొరిగేసింది. ఎక్కిరించడానికి ఏమీ దొరక్క "బాగుందండి మేస్త్రీ గారూ" అన్నాను. పక్కనే బుల్లి సీసాలో నూనె, తుడుచుకోవడానికి ఒక పాత చొక్కా గుడ్డ. రాయి బాగుంది, గుడ్డ బాగుంది, అంతా బాగుంది. బోణీ అంటు కట్టాను. బొట్టు పెట్టాను. అందరూ పనెత్తుకున్నారు.

కొన్ని వారాలయ్యాక టోపీలు తీస్తే వరసకి వరస నల్లగా ఉంది.

అంట్లు కొన్ని పోవడం మామూలే. ఇది అలా కాదు. నా బోణీ అంటు పోయింది, నా వరసలు పోయాయి, అందరి వరసలూ పోయాయి. చెక్కిన చోట చూస్తే పుల్ల ఒకటి, మొక్క ఒకటి. ఒకే మంచం మీద మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాల్లా పడి ఉన్నాయి. యజమాని గారు పుల్లలు తెచ్చినవాడి మీద అరిచారు. మేస్త్రీ గారు ఎండ ఎక్కువైందన్నారు. షేడ్‌నెట్ మార్చారు. కొత్త పుల్లలు తెప్పించారు. మళ్ళీ కట్టాం. నేనే మళ్ళీ మొదలు పెట్టాను. మళ్ళీ పోయాయి.

అప్పుడు మొదలైంది గుసగుస. అన్నం తినేచోట నేను వెళ్ళి కూర్చుంటే మాట ఆగిపోయేది. ఒకరోజు డబ్బా కడుక్కుంటూ గోడవతల నుంచి విన్నాను. "మైల తీరకుండా బోణీ చేసిందండి. ఇంక పడతాయా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తడిచేతులతోనే అటు వెళ్ళాను.

"ఎవరండీ అన్నది? పెళ్ళయిన ఆడదానికి పుట్టింటి మైల మూడు రోజులు. తలంటు పోసుకునే వచ్చాను. మీరెవరైనా వచ్చి చూశారా?"

అందరూ తలలు దించుకున్నారు, ఒక్క పెద్దావిడ తప్ప. మా అందరిలోకీ ముందు నుంచీ ఉన్న మనిషి, నేను చేరినప్పుడు నాకు టేపు చుట్టడం నేర్పినావిడ. ఆవిడ నెమ్మదిగానే అంది. "రోజులు తీరాయమ్మా. మనసు తీరిందా? ఏడవకుండా వచ్చి కత్తి పట్టుకున్నావు. ఆ దుఃఖం ఎక్కడికి పోద్ది? చేతిలోంచి మొక్కలోకే పోద్ది."

ఇంకెవరైనా అయితే కడిగేసేదాన్ని. ఆవిడ తిట్టలేదు, జాలిపడింది. అదే తట్టుకోలేకపోయాను. ఆ రోజు నుంచి నిజంగానే నా చెయ్యి చూసుకోవడం మొదలెట్టాను. కత్తి పట్టుకుంటే అన్నయ్య అరుగు మీద పడుకున్నది కనబడేది. నా వల్లేనా? వాడి చావు నా వేళ్ళకి అంటుకుని వచ్చి ఇన్ని మొక్కల్ని చంపేస్తోందా? నవ్వకండి. చదువుకున్నవాళ్ళు కూడా ఆ షెడ్డులో ఆ వారం నిలబడి ఉంటే నవ్వేవారు కాదు.

యజమాని గారు నేరుగా చెప్పలేదు. మేస్త్రీ గారి చేత చెప్పించారు. "కొన్నాళ్ళు కలుపు తీతకి వెళ్ళమ్మా. బాబుగారికి నమ్మకాలేం లేవు. అందరి నోళ్ళూ మూయించాలి కదా" అన్నారు ఆయన, నా మొహం చూడకుండా.

"కలుపు తీసే చేతికి మైల లేదాండీ? గడ్డి బాగా చస్తుంది లెండి" అన్నాను. కత్తి అప్పుడే నూరి ఉంది. దాన్ని షెడ్డులో పెట్టబుద్ధి కాలేదు. సంచిలో పడేసుకుని పని మధ్యలోనే ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో మా అత్తగారు పప్పులోకి దోసకాయ తరగమన్నారు. కత్తిపీట అందుకోవచ్చు, అందుకోలేదు. సంచిలోంచి నా కత్తి తీశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాకు అత్తగారి మీద కోపం లేదు గానీ దోసకాయ దొరికింది. పరపరా కోసేశాను.

దోసకాయ తరిగితే చేదు చూడకుండా కూరలో వెయ్యం కదా. మా ఇంట్లో చేదు చూడడం అత్తగారి హక్కు. ఇంకెవరైనా చూస్తే ఆవిడకి నమ్మకం లేదు. ముక్క నోట్లో వేసుకున్నారు. మొహం చిట్లించారు. తుపుక్కున ఉమ్మేశారు.

"చేదా అత్తయ్యగారూ?"

"చేదు కాదే. ఏంటే ఇది, కుట్టుమిషను నాకినట్టుంది!"

"దోసకాయకి కుట్టుమిషను వాసనేంటండీ?"

"నన్నడుగుతావేంటి, నువ్వే తిని చూడు."

తిన్నాను. నాలుక మీద జిడ్డు. గొంతులో ఇనుప వాసన. ఇంకో కాయ తీసి కత్తిపీట మీద కోశాను. శుభ్రంగా దోసకాయలా ఉంది. మళ్ళీ నా కత్తితో కోశాను. జిడ్డు. అత్తగారు నన్నే చూస్తూ, "ఏమైందే నీకు, ఉన్న దోసకాయలన్నీ కోసేస్తావా ఏంటి?" అన్నారు. నేను కత్తిని వెలుతురులో పెట్టి చూశాను. అంచున సన్నగా, ఇంద్రధనుస్సు రంగులో నూనె పొర. గుడ్డతో తుడిచాననే అనుకున్నాను. తుడిచిన గుడ్డే నూనె తాగి ఉంది.

ఇంక ఆ పూట ఎలా గడిచిందో నాకే తెలీదు. ఉప్పు రెండుసార్లు వేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ కత్తితో కోసిన దోసకాయ ముక్కలు స్టీలు డబ్బాలో పట్టుకుని వెళ్ళాను. మేస్త్రీ గారు ఎదురొచ్చారు. "తినండి" అన్నాను. పొద్దున్నే పచ్చి దోసకాయేంటని నసుగుతూ ఒకటి నోట్లో వేసుకున్నారు. నమలడం ఆపేశారు.

"ఇది మా ఇంటి వాసనలా ఉందేంటి" అన్నారు.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. రాయితో వచ్చిన బుల్లి సీసా నేను నిడదవోలులో ఉండగానే అయిపోయిందట. ఆయన ఇంటి నుంచి కుట్టుమిషను నూనె తెచ్చి అదే సీసాలో పోశారు. నూనె ఏదైతేనేం, నూనే కదా అనుకున్నారు. మాలో ఎవరు ఆ స్థానంలో ఉన్నా అదే చేసేవాళ్ళం. గోదావరి జిల్లాల్లో ఇంట్లో ఉన్న వస్తువు ఉండగా కొట్టుకి వెళ్ళి కొనేవాడు ఎవడండీ?

యజమాని గారు కూడా ఒక ముక్క తిన్నారు. "వాసన ఉన్నమాట నిజమే. అయితే నూనె వాసనకి మామిడి అంటు చస్తుందా?" అన్నారు.

"పుల్లకీ మొక్కకీ మధ్య జిడ్డుంటే ఎలా అతుక్కుంటాయండీ? జిడ్డుచేత్తో బొట్టుబిళ్ళ పెట్టుకుంటే నిలుస్తుందా?" అన్నాను.

మేస్త్రీ గారికి అది మింగుడు పడలేదు. షెడ్డుకి పెద్ద, తను తెచ్చిన రాయిని అందరి ముందూ తప్పంటే ఎలా ఉంటుంది? కాసేపు గొణిగి ఒక ఉపాయం చెప్పారు. "సరేనండి, పాత రాయి ముక్కతో, నీళ్ళతోనే నూరి కడదాం. చూద్దాం. కానీ బోణీ మాత్రం ఈవిడ చేత వద్దు. ఈవిడ చెయ్యి పడకుండా కట్టిద్దాం."

అందరూ అదే బాగుందన్నారు. నాకు మాత్రం తల తిరిగిపోయింది. నా చెయ్యి తీసేసి, నూనె కూడా తీసేసి కట్టాక అంట్లు పట్టాయే అనుకోండి. ఏమంటారు? ఆవిడ చెయ్యి పడలేదు కాబట్టి పట్టాయంటారు. నా బతుకంతా ఆ మాట మొయ్యాలి. నేనే కాదు, పోయిన అన్నయ్య కూడా మొయ్యాలి.

"వద్దండి" అన్నాను. "బోణీ నేనే కడతాను. రాయి మాత్రం నీళ్ళది. మిగతావి ఎవరైనా కట్టండి. ఈసారీ పోతే నేను కత్తి ముట్టుకోను. మీరు పిలిచినా రాను."

యజమాని గారు పుల్లల గురించి ఆలోచించారు, కొనడానికి రావాల్సినవాళ్ళ గురించి ఆలోచించారు. చివరికి "కట్టమ్మా" అన్నారు.

పాత రాయి పెద్ద ముక్క నీళ్ళ డ్రమ్ము కింద ఎత్తుకి పెట్టి ఉంటే లాగాం. కత్తులన్నీ సబ్బు పెట్టి, బూడిద పెట్టి తోమాం. ఆ నూనె గుడ్డ తగలబెట్టేశాను. బోణీ అంటు కట్టాను, బొట్టు పెట్టడం మర్చిపోయాను. మిగతావన్నీ కొత్తగా చేరిన అమ్మాయికి అప్పజెప్పారు. నరసాపురం నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. పుట్టింట్లో లేసులు అల్లేదట, వేళ్ళు సన్నగా చకచకా తిరిగేవి. ఆ అమ్మాయికి మా షెడ్డులో మంచి పేరూ లేదు, చెడ్డపేరూ లేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిపానో చెప్పలేను. కలుపు తీతలో వంగున్నా నా కళ్ళు షెడ్డు మీదే. పొద్దున్న అందరికంటే ముందు వచ్చేదాన్ని. నా బోణీ అంటు టోపీ తీసి చూసేదాన్ని, పచ్చగా ఉందా అని. మళ్ళీ తొడిగేదాన్ని. మధ్యాహ్నం మనసు ఊరుకునేది కాదు, మళ్ళీ తీసేదాన్ని.

"అమ్మా, అలా తియ్యకండి. లోపల చెమ్మ పోద్ది" అని మేస్త్రీ గారు ఒకసారి కేకేశారు.

"ఆయ్, ఒక్కసారేనండి" అన్నాను. ఆయనకి కనబడింది ఒక్కసారే అనుకున్నాను.

టోపీలు తీసే రోజు వచ్చింది. యజమాని గారు, మేస్త్రీ గారు, పెద్దావిడ, అందరూ చుట్టూ చేరారు. లేసుల అమ్మాయి మొదటి టోపీ తీసింది. చిగురు. ఇంకోటి తీసింది. చిగురు. రాగి రంగులో, నిగనిగలాడుతూ. వరస చివరిదాకా వెళ్ళింది. అక్కడొకటి అక్కడొకటి పోయినా, మిగతాదంతా పట్టింది. ఆ ఎర్రటి చిగుళ్ళు చూడడానికి అందరూ వంగారు.

అప్పుడు నా బోణీ అంటు టోపీ తీశాను.

నల్లగా ఉంది.

పెద్దావిడ ఒకసారి నా మొక్క చూసింది, ఒకసారి వరస చూసింది, మళ్ళీ నా మొక్క చూసింది. బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "బోణీ పోయిందే! మిగతావన్నీ ఉన్నాయే! ఇదేం విడ్డూరమమ్మా! ఈవిడ చెయ్యే చెడ్డదైతే ఇవన్నీ పోవాలి కదా?"

"రోజూ నాలుగుసార్లు టోపీ తీసి పలకరిస్తే అది చావక ఏం చేస్తుందండీ" అన్నారు మేస్త్రీ గారు. "దానికి గాలి తగిలి పోయింది. నా నూనె చంపిందీ కాదు, ఈవిడ మైల చంపిందీ కాదు. ఈవిడ ఆత్రం చంపింది."

ముందు లేసుల అమ్మాయి కిసుక్కున నవ్వింది. తర్వాత పెద్దావిడ. తర్వాత అందరూ. యజమాని గారు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ‘నా నూనె’ అని తనే అందరి ముందూ ఒప్పేసుకున్నానని మేస్త్రీ గారికి అప్పుడు తెలిసొచ్చినట్టుంది, నాలిక్కరుచుకున్నారు. దాంతో ఇంకా నవ్వారు.

నేనూ నవ్వుదామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఆ నల్లటి పుల్ల పట్టుకుని మట్టిలో కూలబడిపోయాను. అన్నయ్యా అని బయటికి రాలేదు గానీ లోపలంతా అదే. వాడు ఏ మొక్కనీ చంపలేదు. వాడు ఉత్తినే చచ్చిపోయాడు, అందరూ పోయినట్టే. నాకు జామకాయలు కోసిపెట్టిన అన్నయ్య, నా పెళ్ళిలో నాకంటే ఎక్కువ ఏడ్చిన అన్నయ్య, ఇంక లేడు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. కూర్చుంటే గానీ ఏడుపు రాదని చెప్పాను కదా, ఆ రోజు కూర్చున్నాను.

అందరూ కంగారుపడ్డారు. "ఊరుకో అక్కా, ఒక్క మొక్కేగా" అంది లేసుల అమ్మాయి నా వీపు రాస్తూ. "ఇంకో మంచి పుల్ల తెప్పిస్తానమ్మా, ఒక్క అంటు కోసం ఇంత బాధపడతారా" అన్నారు యజమాని గారు. నేను తల ఊపాను. ఆ ఒక్క మొక్క కోసమే అనుకోనిచ్చాను.

పెద్దావిడ మాత్రం కొంగుతో నా మొహం తుడిచి, "ఇప్పుడు తీరిందమ్మా" అంది.

కథ ఇక్కడ అయిపోతే నేను గొప్పదాన్నయిపోదును. తర్వాతి సీజను పని ఎత్తుకునే రోజు కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. నా కోసం ఎవరూ ఆగలేదు. అప్పటికే అందరూ అంట్లు కట్టేస్తున్నారు. బోణీకీ పంటకీ సంబంధం లేదని నేనే కదా రుజువు చేసింది! నా చేతికి చెడ్డపేరు పోవాలని పోరాడి మంచిపేరు కూడా పోగొట్టుకున్నాను. ఏడవాలా నవ్వాలా తెలీక నిలబడ్డాను.

ఇంతలో లేసుల అమ్మాయి కత్తి పట్టుకుని వచ్చింది. "అక్కా, కాస్త నూరిపెట్టండి. మీరు నూరితేనే నాకు పడతాయండి."

"నువ్వే నూరుకోవే, నీళ్ళున్నాయి, రాయి ఉంది" అన్నాను.

"నేను నూరితే ఏమోనండి. మీ చెయ్యి వేరు."

ఆ మాట పక్కావిడ విన్నది. ఆవిడా తెచ్చింది. చివరికి మేస్త్రీ గారు కూడా తన కత్తి తెచ్చి, ఎటో చూస్తూ, తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళారు. చూడండి మరి! హస్తవాసి లేదని తేలాక కూడా వాళ్ళు దాన్ని వదల్లేదు. అంటు మీద నుంచి తీసి సానరాయి మీద పెట్టారు. అప్పటి నుంచి నేను పని మానేసే దాకా ఆ షెడ్డు కత్తులన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే నూరుకుంటే కోప్పడేదాన్ని.

ఇదంతా రాశాక కాస్త మనసు కుదుటపడింది. ఇవాళ పొద్దున్న నేనే మేనకోడలికి ఫోన్ చేశాను.

"అన్నిటికీ ఒక్కటే కుదరదే. వంటింట్లోకి ఆ లాగే డబ్బా సరిపోతుంది, అయితే కత్తిపీటకి అది పనికిరాదు. డాబా మీదకీ, ఏటిగట్టుకీ రెండువైపుల రాయి చిన్నది కొను. దాంతో నూనె సీసా వస్తుంది, పారెయ్. కొత్త రాయి మీద నీళ్ళే చల్లు, నూరాక సబ్బుతో కడిగి పొడి గుడ్డతో తుడువు. కత్తి పదునెక్కిందా లేదా అని గోరు మీద చూసి ఊరుకోకు. దోసకాయ కోసి నోట్లో వేసుకుని చూడు. మా అత్తగారు పోయాక ఇక్కడ చేదు చూసే పని నాదే" అన్నాను.

"దోసకాయేంటి అత్తా? ఎక్కడిదీ లెక్క?" అంది నవ్వుతూ.

చెబుదామని నోరు తెరిచాను. గోడ పట్టుకుని లేవబోయి, మళ్ళీ ఆగి, అరుగు మీద సరిగ్గా కూర్చున్నాను.

"చెప్తాను. ముందు మీ అమ్మని పిలిచి స్పీకర్ పెట్టు" అన్నాను.